అటకెక్కిన ఆదివారం

బ్లైనై ఫెస్టీనియోగ్‌లో వాన ఆగిందంటే
ఎవరో ఒకరు గుమ్మంలోకొచ్చి ఆకాశాన్ని అనుమానంగా చూస్తారు.
పలకరాళ్ల కప్పుల వరసలో చివరి ఇల్లు గ్వెన్‌లియన్ పారీ గారిది.
"వానొస్తే టీవీలో మనుషులు ముక్కలైపోతున్నారు" అందామె,
"ఇక్కడ రానిదెప్పుడు గనక?"
బొమ్మను నిలబెట్టే బూస్టరు కొనుక్కుంది,
అగ్గిపెట్టెకు అన్నలాంటిది.
అది అటక మీద ఉండాలి.
అటక మీద సాకెట్టు లేదు.

నేనప్పుడు పని నేర్చుకుంటున్నాను.
మా మేస్త్రి ఇద్వల్ బెబ్
పై అంతస్తు దీపాల మీట దించి, దానికో తాళం వేసి,
చెవి నా జేబులో పడేశాడు.
"ఆవిడ అడిగినా ఇవ్వకు.
నేనడిగినా ఇవ్వకు."

టెస్టర్ని ముందు బతికున్న సాకెట్టుకు తాకించాడు, వెలిగింది.
మేం కొయ్యబోయే తీగకు తాకించాడు, వెలగలేదు.
మళ్లీ సాకెట్టు దగ్గరికి దిగి వెళ్లాడు, ఆ మోకాళ్ల నొప్పితోనే.
వెలిగింది.
"తీగ చచ్చిందని చెప్పేవాడు
తను బతికున్నాడో లేదో చూసుకోవద్దూ?"

పైన దూలాల మీదే అడుగు.
పక్కకు వేస్తే కాలు ఆవిడ పడకగదిలో తేలుతుంది.
గాజుదూది, మోచేతుల నిండా దురద,
టార్చి వెలుగులో మా ఊపిరి పొగలు.
ఆ దూది కింద, నీళ్ల ట్యాంకు పక్కన,
ఒక ముడి.

ఎరుపూ నలుపూ, పాతకాలపు రంగుల తీగలు,
వేళ్లతో మెలేసి
దెబ్బలకు వేసే గుడ్డపట్టీ చుట్టారు.
పట్టీ మాడి బిస్కెట్టు రంగుకొచ్చింది.
దూలం మీద పెన్సిలు రాత, కింద తేదీ:
ముట్టుకోవద్దు. ఆదివారం సరిగ్గా చేస్తా. ఎమ్రిస్.
మార్చి, డెబ్బై ఎనిమిది.

పని అటకెక్కడమంటే
ఇంత అచ్చంగా ఎక్కుతుందని నాకు తెలీదు.

ఇద్వల్ నిచ్చెన కంత దగ్గర తలొంచి
ఆ రాత కిందికి చదివి వినిపించాడు.
కాసేపు ఏమీ వినబడలేదు.
తర్వాత నవ్వు.
"ఆదివారం పొద్దున చాపెల్లో పాట, మధ్యాహ్నం నిద్ర.
ఇంకెప్పుడు చేస్తాడు, పాపం?"
ఇంకాసేపటికి, వేరే గొంతుతో,
"అది ఏ గది మీదుంది?"
"మీ మంచం మీద" అన్నాడు ఇద్వల్.
అతనికి అబద్ధం చేతకాదు.

ఇన్నేళ్లూ గాలి తగిలి చల్లగా ఉందట ఆ ముడి.
చలికని మొన్న కౌన్సిలు వాళ్లొచ్చి దుప్పటి కప్పారు,
అప్పట్నుంచి లోపల్లోపల ఉడుకుతోంది.

కోసేశాం.
మూతున్న పెట్టె దూలానికి బిగించి
కొత్త తీగను దూది పైనుంచి తెచ్చాం.
ఫ్యూజున్న స్విచ్చు దాకా వచ్చాక
చేతికందిన ఫ్యూజు పెట్టబోయాను, పదమూడు ఆంపియర్లది.
"గోటితో పోయేదానికి గొడ్డలెందుకు?
మూడు చాలు.
ఆ పదమూడు వాడు మొండివాడు,
తీగ కాలుతున్నా నిలబడే ఉంటాడు.
ముందుగా పోవడానికి ఒప్పుకున్నవాణ్ణి పెట్టు."

అంతా అయ్యాక చెయ్యి చాపాడు. "చెవి ఇలా ఇవ్వు."
ఇవ్వలేదు.
నేనే దిగి, నేనే తాళం తీసి, మీట ఎత్తాను.
అతను ఏమీ అనలేదు.
వ్యానులో మాత్రం ముందు సీటు మీది పానాలన్నీ తీసి
వెనక్కి విసిరేశాడు.
ఆ రోజు దాకా నేను కూర్చున్నది
కేబుల్ చుట్టల మధ్య.

మేం బయల్దేరేటప్పటికి టీవీ నడుస్తోంది.
వాతావరణం చెప్పేవాడు ఎక్కడా ముక్కవకుండా నిలబడి
రేపూ వానేనంటున్నాడు.
గ్వెన్‌లియన్ గారు అటు చూడటం లేదు.
మాడిన పట్టీ ముక్కను ఒళ్లో పెట్టుకుని
అది ఎక్కడ మొదలైందో
గోరుతో వెతుకుతోంది.