ఏటి పాలు

ప్రాణహిత దాటేటప్పుడు
ఎదుటి రేవును చూడొద్దనేటోడు సడవలి మామ.
"దాన్నే చూస్కుంట పోతే దాన్ని చేరవు పిల్లగా,
దిగువ రాళ్ళల్ల పడతవు."
పడవ మూతిని ఎగువకు పెట్టేటోడు,
ఎవ్వరికీ పనిలేని ఒంటి తుమ్మచెట్టు దిక్కు.

మిరప బస్తాలు, రెండు మేకలు, ఒక బాలింత,
చంద్రపూర్ నుంచి కొత్తగ వచ్చిన బడిపంతులు.
"కుఠే? కుఠే?" అని పంతులు మొత్తుకునేటోడు.
నడి ఏటి దాక
అందరికీ తప్పుదారే అది.
అవతల సగం నీళ్ళే చూసుకునేటివి,
భుజం పట్టి దింపినట్టు
సక్కగ రేవుల దింపేటివి.

"ఏటి పాలు ఏటికి ముందే తీసిపెట్టాలె,
లేకుంటె మనమే ఏటిపాలు"
అని బీడీ ముట్టిచ్చేటోడు.

వంతెన కంబాలు మోకాలెత్తు మొలిచిన ఏడే
పడవ అమ్మి బర్రెలు కొన్నడు.
సిరొంచ రేవంత నవ్వింది.
కాంట్రాక్టరు పారిపోతడన్నరు, పారిపోయిండు.
ఇంకొకడొచ్చిండు, వాడూ పారిపోయిండు.
ఒక బర్రె సచ్చింది.
నాలుగేండ్లు మామ తలొంచుకొని పాలు పోసిండు.
ముందు చూసినోడు
కొన్నాళ్ళు తప్పు చేసినోడి లెక్కనే కనబడతడు.

ఇయ్యాల తహసీల్ ఆఫీసుల మీటింగు.
మిరుగు ఇంకా పది రోజులుంది.
గోడ మీద పటం, సాహెబు చేతుల కట్టె, వరద "నియోజన్":
తెగిపోయే ఊర్లెన్ని, బియ్యం ఎన్ని నెలలకు,
పాము మందు ఎన్ని సూదులు,
నెలలు నిండే ఆడోళ్ళు ఎందరు,
ఎవరిని ఏ తారీఖున ఇవతలికి తేవాలె.
గీతలన్నీ నిటారుగ ఉన్నయి
రేవు నుంచి రేవుకు.

నేను క్లర్కును. రాసుడే నా పని.
అయినా గట్టుబాయి పేరు కాడ ఆగిన.
తొలిచూలు. ఊరికి రెండు వాగులు.
పెన్సిలు తీసి
ఆమె తారీఖును పన్నెండు రోజులు
ఎగువకు జరిపిన.
"కా?" అన్నడు సాహెబు.
ఏటి పాలు సార్, అన్న.
దాన్ని మరాఠీల ఎట్ల చెప్పాల్నో నాకు తెల్వలే.
ఆయన చాన సేపు నన్నే చూసి
సంతకం పెట్టిండు.

బయటికొస్తె మామ.
చాయ్ తాగ పోతున్నడు.
తారు రోడ్డు, సుక్క నీళ్ళు లేవు, మొగులు లేదు.
అయినా హోటల్ దిక్కు చూడడు.
పైనున్న బ్యాంకు గోడకు మొఖం పెట్టి కదిలిండు,
నడిరోడ్డు మీద ఒక లారీ పోనిచ్చిండు,
పక్కకు పక్కకు దిగుకుంట
వచ్చి కూసున్నడు
సరిగ్గ తన బల్ల మీద.