పాట ఎవరిది

నాలుగున్నరకి ఫిషింగ్ హార్బర్ ఇంకా చీకట్లోనే ఉంటుంది.
పోర్టులో నైట్ డ్యూటీ దిగి
కాటా చీటీల సిరా అంటిన వేళ్లతోనే
డాబాగార్డెన్స్‌లో వాయిదాల మీద కొన్న కెమెరా తెరిచాను.
మొదటి బోటు గోడకి ఒరుసుకుంది.
తెడ్డు ఎర్నమ్మ బుట్ట బోర్లించి పాట ఎత్తుకుంది.
పాటంటే వేలంపాట.
"కోనాం నాలుగొందలు, నాలుగొందల యాబై,
ఎవుడ్రా ఆ అయిదొందలూ!"
ఆ గొంతులో ఉప్పుంది, లెక్కుంది,
మధ్యలో ఓ తిట్టు. అది మాత్రం ఉచితం.

ఎనిమిది నిమిషాల వీడియో. లక్షా పన్నెండు వేలమంది చూశారు.
మూడేళ్లుగా నూటనలభై మందికి,
అందులో సగం చుట్టాలకి, సినిమాలు తీస్తున్నవాణ్ణి.
లక్షంటే వెనకనుంచి కొట్టిన అల:
ముందు ఊపిరాగుతుంది,
తర్వాత జేబులు తడుముకుంటాం.

తడుముకుంటే నోటీసు తగిలింది.
మూడో నిమిషం ఇరవయ్యో సెకను దగ్గర
టీకొట్టు సూరి రేడియోలో ఎవరిదో పాత పాట,
పదకొండు సెకన్లు.
పక్కనే నిలబడ్డ నాకు వినబడలేదు,
ఎక్కడో ఉన్న యంత్రానికి వినబడింది.
ప్రకటనల డబ్బు ఇకమీదట పాట హక్కుదారుకట,
మొత్తం ఎనిమిది నిమిషాలదీ.

అభ్యంతరం ఉంటే రాయమంది ఫారం.
గాలి అటునుంచి వీచిందని రాశాను,
సూరికి రేడియో లేకపోతే పాలు పొంగవని రాశాను.
అక్షరాలు ఎక్కువయ్యాయంది.
కొట్టేసి కొట్టేసి చూస్తే
"గాలి" ఒక్కటే మిగిలింది.

పోనీ, ఆ పదకొండు సెకన్లూ మూగ చేశాను.
రేడియోతోపాటు ఎర్నమ్మ నోరూ పడిపోయింది.
మెడ నరాలు ఉబ్బుతున్నాయి, చెయ్యి గాల్లో లేస్తోంది,
చేప అమ్ముడైపోతోంది
ఎంతకో తెలీదు.

ఆ వారమే ఫోను. మధురవాడ అవతల ప్లాట్లు వేస్తున్న కంపెనీ.
పార్ట్‌నర్‌షిప్ అన్నారు, బ్రదర్ అన్నారు,
సముద్రం మీదనుంచి డ్రోన్ షాట్ కావాలన్నారు.
నేవీవాళ్లు నన్ను కూడా షాట్‌లో కలిపేస్తారండీ అన్నాను.
పద్నాలుగు పేజీల ఒప్పందం.
సిరిపురంలో నోటరీ దగ్గర పనిచేసే శశిరేఖ వదిన
తొమ్మిదో పేజీ మీద వేలు పెట్టి చదివింది:
"శాశ్వతముగా, ప్రపంచమంతటా,
ఇకమీదట కనిపెట్టబోవు సమస్త మాధ్యమములందునూ..."
చదివి, "నువ్వు పోయాక చంద్రుడి మీద కూడా
వీళ్లదేనట మరిదీ" అంది.
సంతకం పెట్టలేదు.
చింపనూ లేదు. కెమెరా వాయిదా ఇంకా నాలుగు నెలలుంది.

మళ్లీ తీద్దామని హార్బర్‌కి పోయి
ఎర్నమ్మకి గోడు వెళ్లబోసుకున్నాను.
ఎండుతున్న కవళ్ల మీద కాకుల్ని తోలుతూ విన్నది.
"పాట ఆల్ది. ఆలడిగినారు. తప్పేటి?"
నేను నోరు తెరిచేలోపే,
"మరి నా పాట నువ్వొట్టుకెళ్లినావు.
నన్నడిగినావేటి?"

ఏ ఫారమూ అడగని ప్రశ్న.
దానికి అక్షరాల పరిమితి లేదు,
నా దగ్గరే అక్షరాలు లేవు.

"బోటుకి వాటా, వలకి వాటా,
గంజి కాసే గుంటడికి అరవాటా.
మరి నీ డబ్బాలో ఎవుడికెంత?"

జేబులోంచి కాటా చీటీ తీసి వెనక్కి తిప్పాను.
కెమెరాకి ఒకటి రాశాను. నాకు ఒకటి.
సూరికి, రేడియో కట్టేసినందుకు, పావు.
ఎర్నమ్మ దగ్గర కలం ఆగిపోయింది.

అది చూసి నవ్వింది,
చేతులు పైటకి తుడుచుకుని లేచి నిలబడింది.
"తెడ్డోరి ఎర్నమ్మ గొంతు! ఒక వాటా!
ఒకటోసారీ..."
పాడేవాణ్ణి నేనొక్కణ్ణే.
"ఒకటిన్నర" అన్నాను,
ఎదురుపాట లేకుండానే.
"రెండోసారీ..."

కెమెరా సంచీలోనే ఉండిపోయింది.
టీ గ్లాసు చేత్తో పట్టుకుని సూరి
మా పాట వింటున్నాడు.