లాకుల దగ్గర మూడో గది

దేవకృప సిస్టరు కలం కాగితం మీద ఆగిపోయింది.
"చిరునామా ఏం రాయను, తాతబ్బాయ్?"

రావులపాలెం అరటి మార్కెట్టని రాయమన్నాను,
గెలలు దింపేచోట, ఎండుటాకుల కుప్ప పక్కన.
ఆవిడ నవ్వలేదు.
కలం పక్కన పెట్టి పెన్సిలుతో రాసింది,
చెరపడానికి వీలుగా.

హెచ్ఐవీ అన్న మాట ఇంట్లో పలికిన పూటే
వదిన నా దుప్పటి పెరట్లో తగలెట్టింది.
పాపం, తనకీ భయమే.
కాలుతున్న ఉన్ని వాసన
ఊరు దాటేదాకా వెంటొచ్చింది.

ఆ ఏడాదంతా మందు నాతోపాటే తిరిగింది
గుడ్డసంచిలో, బీడీకట్ట పక్కన.
డబ్బా గలగలమంటే ఏంటని అడుగుతారని
మాత్రల మధ్య దూది కుక్కేవాణ్ణి.
రాత్రి తొమ్మిదింటికి వేసుకోవాలి.
నా గడియారం రాజోలు ఆఖరి బస్సు.
అది ఆలస్యమైతే నా తొమ్మిదీ ఆలస్యమే.
అది రాని రోజున తొమ్మిదే లేదు.

ఒక ముసురులో డబ్బాలోకి నీళ్లు దిగి
నెల మాత్రలు గంజిముద్దయ్యాయి.
కౌంటరు కుర్రాడు లెక్క అడిగాడు.
గోదారి మింగిందంటే నమ్ముతాడా?
మింగింది గోదారి కాదులే,
నెత్తిమీద లేని చూరు.

మావైపు కాలవకి వంతులుంటాయి.
దాళ్వాలో నీళ్లు చాలకపోతే
ఈ వారం ఎగువకి, పై వారం శివారుకి.
వంతు కాగితంలో ఉండటం వేరు,
మడిలో తడి ఉండటం వేరు.
శివారు రైతునడగండి, చెప్తాడు.
నన్నడిగినా చెప్తాను.

మంగతాయారు గారు స్కూటీ మీద వచ్చింది.
లస్కర్లు వదిలేసిన క్వార్టర్లట, లాకుల దగ్గర,
ఐదు గదులు, కొత్త సున్నం.
తాగుడు మానావా అని అడగలేదు.
"ముందు గదిలోకి రా.
మిగతావి కూర్చుని మాట్లాడుకుందాం" అంది.

తాళంచెవి ఎక్కడ దాచుకోవాలో తెలీక
మొలతాడుకి కట్టుకున్నాను
పసివాడి తాయెత్తులా.

మూడు రాత్రులు అరుగుమీదే పడుకున్నాను.
నాలుగో రాత్రి తలుపు వేశాను.
తీశాను. మళ్లీ వేశాను.
ఎవరూ కర్రతో పొడిచి లేపలేదు.
పొద్దున ఎనిమిదిదాకా పడుకున్నానన్న సిగ్గు
ఇంకా పోలేదు.

మంగళవారాలు సిస్టరే వస్తుంది.
ఒకే బల్లమీద అన్నీ అవుతాయి:
రక్తం తీయడం, కళ్లె పరీక్ష, కాలి పుండుకి కట్టు,
నెలకోసారి తాగుడు డాక్టరుగారి చీవాట్లు,
రేషను కార్డు కాగితాలమీద నా వేలిముద్ర.
ఒక్కో కిటికీకి ఒక్కో రోజు కూలి పోగొట్టుకున్నవాణ్ణి,
ఆ బల్ల చూస్తే నాకు పండగే.

నాలుగో గది వీరవేణి ఎవరితోనూ మాట్లాడదు.
మాత్రలు మినప్పప్పు డబ్బాలో దాస్తుంది.
మేం చూడనట్టు ఉంటాం.
అది కూడా వైద్యమే అంటుంది సిస్టరు.

రెండో గది సత్తిరాజు ఆలస్యంగా వచ్చాడు.
ఊపిరితిత్తులు అప్పటికే అయిపోయాయి.
శ్రావణంలో పోయాడు, మంచం మీద,
తన దిండు మీద.
అంబులెన్సువాడు దారి అడగలేదు.
శవానికి చిరునామా ఉంది.
ఆ రాత్రి అసూయపడ్డానో ఏడ్చానో
నాకే తెలీదు.

అతని తాళంచెవి మేకుకి వేలాడుతోంది.
రేపు ఎవరో కుర్రాడొస్తాడట, సామర్లకోట ప్లాట్‌ఫారం నించి.
గది కడిగాను. గుర్రపుడెక్క పువ్వొకటి
సీసాలో పెట్టి, బాగోలేదనిపించి తీసేశాను.
అరుగుమీద చాప మాత్రం వేశాను.
మొదట్లో అక్కడే పడుకుంటాడు,
నాకు తెలుసు.

లాకు తలుపుల సందులోంచి నీళ్లు
సన్నగా కారుతున్నాయి.
రాజోలు ఆఖరి బస్సు ఇవాళా ఆలస్యమే అయ్యుంటుంది.
నేను మాత్ర మింగి చాలాసేపయింది.