వేరు కొలత

ఆర్గాన్ చెట్టును ఎవరైనా నాటుతారా?
ఆయిత్ బాహా కొండల్లో అందరూ నవ్వారు.
"రేపు రాళ్లు కూడా నాటుతావా, త్లాయిత్మాస్?"

నిజమే. ఆ చెట్లు ఎవరి చేతి పనీ కావు.
ముత్తవ్వకు ముత్తవ్వ పుట్టేసరికే
వంకర్లు తిరిగి, ముళ్లు తొడుక్కుని,
ముసలివై ఉన్నాయట.
ఆడవాళ్లకు తెలిసిందల్లా
ఏరుకోవడం, రాతి మీద కొట్టుకోవడం, విసురుకోవడం.

పోయిన కరువులో, షెర్గీ గాలి వీచిన మధ్యాహ్నం
దిబ్బ మీది చెట్టు రెండుగా చీలింది.
మర్నాడు ఆమె వెళ్లి లెక్కపెట్టింది.
నలభై ఒక్క ముసలి చెట్లు.
పిల్ల ఒక్కటీ లేదు.

నర్సరీ నుంచి నల్ల సంచుల్లో
పన్నెండు మొక్కలు తెచ్చిచ్చింది నేనే.
పదకొండు ఎండాయి.
పన్నెండోది మేక తినేసింది.
ఎండినదాన్ని పీకి నా ముందు పెట్టింది:
వేరు పాములా చుట్ట చుట్టుకుని ఉంది.
"కాళ్లు ముడిచి కూర్చోబెట్టి పెంచావు.
ఇప్పుడు కొండెక్కమంటే ఎక్కుతుందా?"
నా దగ్గర డిప్లొమా ఉంది.
జవాబు లేదు.

ఆ మేకే నెమరేస్తూ ఉమ్మిన గింజల్ని
దొడ్లో వంగి వంగి ఏరింది.
నాలుగు రోజులు నానబెట్టింది.
మోచేతి లోతు గొయ్యి, చుట్టూ రేగు కంప.
కెటిల్ కడిగిన నీళ్లు, అడుగున మిగిలిన పుదీనాతో సహా,
చీకటి పడ్డాక పోసొచ్చేది,
దొంగతనానికి వెళ్లినట్టు.

మూడేళ్లకు జానెడు.
టేపు పెట్టి కొలిచి పుస్తకంలో రాశాను,
ఇరవై రెండు సెంటీమీటర్లు.
"తప్పు" అంది. "కింద కొలిచావా?"
కింద కొలవడానికి నా పుస్తకంలో గడి లేదు.
ఆమె మట్టి మీద అరచెయ్యి ఆన్చింది,
కడుపుతో ఉన్న పిల్ల పొట్ట మీద ఆన్చినట్టు.
"నీకంటే పొడుగైంది" అంది.

నూనె చూడాలంటే ఇంకో పన్నెండేళ్లు.
ఆమెకు డెబ్భై మూడు.
ఆ కూడిక మేమిద్దరం చెయ్యలేదు.
ముసలి చెట్టు నూనెలో
వేడి రొట్టె ముంచి నా చేతికిచ్చింది,
వేయించిన గింజ వాసన, కాస్త పొగ.
"ఇది నాటినవాళ్లకు దండం పెట్టుకుందామంటే
ఎవరూ లేరు చూడు" అంది,
వేళ్లు నాక్కుంటూ.

నేను బండెక్కుతుంటే
అందరికంటే గట్టిగా నవ్విన హమ్ము
గోడ దగ్గర నిలబడ్డాడు, ఎటో చూస్తూ.
"గింజలు... నానబెట్టేది నాలుగు రోజులా, అయిదా?"

లోపలి నుంచే వినిపించింది:
"మేకనడుగు!"