తినాలనుకోలేదు

మధ్యాహ్నం రొట్టెలోకని దాచిన చీజ్‌కి
కాగితం మాత్రం మిగిలింది.
టికెట్ల పెట్టె మీద కూర్చుని పిల్లి
మీసాలు దిద్దుకుంటోంది, ఏమీ ఎరగని నంగనాచిలా.

దీని పేరు ట్కెమలి.
పుల్లటి ఆలుబుఖారాలతో మేం నూరుకునే పచ్చడి అది.
దీని మొహం చూస్తే మీరైనా ఆ పేరే పెడతారు.

నేను రోప్‌వే టికెట్లు అమ్ముతాను,
కుటాయిసిలో, రియోనీ నది ఒడ్డున.
తీగకి వేలాడే పెట్టెలు అవతలి గట్టు పైదాకా వెళ్ళి
అంతకంటే చేసేదేమీ లేక తిరిగొస్తాయి.
చలికాలం ఎక్కేది ఇద్దరో ముగ్గురో.
మిగతా పొద్దంతా ఫోన్‌దే.

ఎక్కడో నార్వేలో ఒక ముసలాయన
తన తాబేలుకి ఊలు చొక్కా అల్లుతున్నాడు.
నాలుగు చేతులూ అల్లేదాకా చూశాను.
దాని కిందే ఒక జాబితా:
వేరే ఏ భాషలోనూ ఇమడని మాటలట.
మూడోది మాదే.
షెమోమెచామా.
తినాలనుకోలేదు, తినేశాను, అంతే.

నలభై వేలమంది గుండె బొమ్మలు పెట్టారు.
"ఎంత లోతైన జాతి!" అని పోర్చుగల్ నించి ఎవరో రాశారు.

లోతా?
మా పినతల్లి సియాలా
కొత్త సంవత్సరానికని వేలాడదీసిన చుర్చ్‌ఖేలా దండల్లో,
ద్రాక్షపాకంలో ముంచిన అక్రోట్ల దండల్లో,
సగం ఖాళీ చేసి అనే మాట అది.
నేరం ఒప్పుకుంటూనే
నెపం నోటి మీదికి నెట్టేసే మాట.

మోటారు గదిలో ముర్మాన్‌కి చదివి వినిపించాను.
నవ్వలేదు. చేతుల నూనె గుడ్డకి తుడుచుకుని,
"తొంభైమూడులో రాత్రంతా రొట్టె వరసలో నిలబడ్డాం గుర్తుందా,
ఆ ఏడాది ఈ మాట ఎవరైనా అన్నారా?" అన్నాడు.
ఆలోచించాను.
ఎవరూ అనలేదు.
తినే మాటకి కూడా ఒక ఏడాది పస్తే.

జాబితా చివరిదాకా వెతికాను.
గెనత్స్వాలే లేదు.
బంగాళాదుంపలు తూచే ఆవిడ అంటుంది, బస్సు డ్రైవరు అంటాడు,
చిల్లర లేదని చెప్పడానికి నేనూ అంటాను.
నీ బదులు నేను, అని అర్థం.
నీకు రావలసింది నాకు రానీ అని.
చేతులు మారీ మారీ బొమ్మ అరిగిపోయిన నాణెం.
దాని మీద ఏముందో ఎవరు చూస్తారు?

పోయిన అక్టోబరులో దీని ఎడమకన్ను చీము పట్టింది.
డాక్టరు లామ్జీరా సూది తీసింది.
తువ్వాలులో చుట్టి పట్టుకున్నాను,
తువ్వాలులోంచి ఒణుకు నా మోచేతులదాకా వస్తోంది.
గెనత్స్వాలే, అన్నాను దాని చెవిలో.
అన్నాక విన్నాను, ఏమన్నానో.

నిజంగా అడిగితే నా కన్ను ఇచ్చేదాన్నా?
తెలీదు. ఇచ్చేదాన్ని కాదనుకుంటా.
అనాలనుకోలేదు, అనేశాను, అంతే.
అది నా బొటనవేలు కొరికింది. ఇంకా మచ్చ ఉంది.

ఇదంతా ఆ పోర్చుగల్ ఆవిడకి రాద్దామని
రెండు వాక్యాలు కొట్టానో లేదో
కిటికీ మీద ఎవరో వేళ్ళతో తట్టారు.
ఒక్క టికెట్. వెళ్ళడానికే, రావడానికి వద్దట.
చిల్లర లెక్కపెట్టి ఇచ్చేసరికి
ఫోన్ ఆరిపోయింది.

ముర్మాన్ తన రొట్టె విరిచి సగం నా ముందు పెట్టాడు.
ట్కెమలి మీసాలు దిద్దుకోవడం ఆపింది.
ఉన్న ఒక్క కన్నూ
దాని మీదే.