పటిక ముందా, సున్నం ముందా

బంధుగాం దాటి ఘాటీ ఎక్కితే
రెండు కొండల కాళ్ల సందులో మా ఝోలా, ఎప్పుడూ ఆరని పల్లపు నేల.
ఎన్ని తరాల ఆకు రాలి అక్కడ కుళ్లిందో,
కాలేస్తే పరుపులా దిగుతుంది,
తీస్తే అడుగుజాడలో డికాషన్ ఊరుతుంది.

వైశాఖంలో కూడా ఎండదు ఆ ఊట. అదొక్కటే దాని మంచితనం.
మిగతాదంతా రంగు.
వండితే అన్నానికి, ఉతికితే చొక్కాకి,
నవ్వితే పిల్లల పళ్లకి.

పైనుంచి ఒకాయన వచ్చాడు. సీసాలో పట్టుకున్నాడు,
చీటీ మీద ఊరి పేరు తప్పు రాసుకున్నాడు.
"తాగొచ్చా?" అని తెలుగులో అడిగాను, ఒడియాలో అడిగాను,
సుబర్ని కువిలో అడిగింది.
మూడు భాషల్లోనూ ఆయన నీళ్లే నమిలాడు.
మా నీళ్లు మాత్రం ముట్టలేదు.

ఆశ్రమ బడి వంటగది మాది. నూట పన్నెండు కంచాలు.
ముందు బ్లీచింగ్ కలిపాం.
రంగు రవ్వంత తగ్గింది, వాసన గుమ్మం దాటింది.
కుళ్లిన ఆకుతో ఆ మందు కలవకూడదంది నర్సమ్మ,
అది ఆఖర్న రావలసిన చుట్టమట.
తర్వాత సున్నం. గోడకి కొట్టే చేత్తో ముద్ద వేసేశాను.
తెల్లబడాల్సిన నీళ్లు
కిళ్లీ ఉమ్మినట్టు ఎర్రగా తిరగబడ్డాయి.
సుబర్ని నవ్వి నవ్వి పొయ్యిగట్టు మీద కూలబడింది.
ఆ పూట అన్నం రెండు గంటలు ఆలస్యం.

సంతలో మంగలి తవిటయ్య
ఎవరిదో గడ్డం గీసి, చెంప మీద పటిక రుద్దుతున్నాడు.
తెగినచోట నెత్తురు ఆగింది.
ఉల్లిపాయల బేరం మరిచి అక్కడే నిలబడిపోయాను.
పారేదాన్ని పట్టి కట్టేసేది
ఇంతసేపూ ఈ అరిగిన రాయిలో ఉందా!
ఒక పక్క వెంట్రుకలతో సహా నాలుగు రూపాయలకి ఇచ్చాడు.
"ముందు దాన్ని కడుక్కోమ్మా" అన్నాడు.

రాత్రి ఏడు గిన్నెలు వరసపెట్టాం.
గిన్నెకో లెక్క, లెక్కకో బొగ్గుగీత గోడమీద.
కోడి కూసేవేళ ఐదో గిన్నెలో
(పటిక ముందు; వెనకాల సున్నం, చిటికెడంటే చిటికెడే)
పాలు విరిగినట్టు తునకలు తునకలై
అడవి అడుక్కి దిగి కూర్చుంది.
పైన తేట.
సుబర్ని వేలు ముంచి, వేలిని చూసుకుంది చాలాసేపు.

"తేటపడ్డవన్నీ మంచివి కావు," నర్సమ్మ మళ్లీ అడ్డం.
కనపడేది పోయింది, కనపడనిది ఉంటుందట.
అందుకని ఇసక కుండ, బొగ్గు కుండ, కింద ఖాళీ కుండ;
అప్పుడు పొయ్యి మీద తెర్లు కాగాలి,
తాగే బిందెలోకి చెయ్యి పెట్టకూడదు, గరిటే.
ఇన్ని చేస్తే ఒక గ్లాసు.

మొదటి గ్లాసు హికాకా ముసలాయనకిచ్చాం.
ఆ ఊటని మొదట తవ్వింది వాళ్ల తాత.
పుక్కిట పట్టి, ఆలోచించి, మింగాడు.
"బాగుంది," అన్నాడు మర్యాదకి.
"కానీ దీనికి ఊరు లేదు."

ఏం చెప్పను? నిజమే చెప్పాడు.
పిల్లలు మాత్రం రెండో గ్లాసుకి లైనుకట్టారు.
ఈ వర్షాకాలం వాంతులకి ఇంటికెళ్లినవాడు ఒక్కడే,
వాడూ పచ్చిమామిడి తిని.

మళ్లీ సంత వచ్చింది.
నన్ను దూరంనుంచే చూసి
తవిటయ్య పటిక పెట్టెలో పెట్టి మూత వేశాడు.