ముల్లు

నేను తూచేవాణ్ణి. వాల్పరైసో రేవులో
ముప్పై ఏళ్లుగా చేపలు, పీతలు, ఒక్కోసారి
పందెం కోసం పసిపిల్లలు కూడా.
చేతిలోకి తీసుకుంటే చాలు, ఎంతో చెప్పేస్తాను.
ఆ పొగరుతోనే అన్నాను:
"ఎర్సీలియా, ఉత్తరాలు పంచుతున్నావా, తింటున్నావా?"

నవ్వింది. బల్ల చుట్టూ ఉన్నవాళ్లూ నవ్వారు.
గట్టు కింద సముద్రసింహాలు వంత పాడాయి.

ఆమె ఎక్కే మెట్లు నాకు తెలియనివా?
రంగు రేకుల ఇళ్ల మధ్య కొండ మీద కొండ,
తీగబండి మొరాయించిన రోజున వెయ్యికి పైనే.
అయినా చలికాలం నుంచి ఏడు కిలోలు.
మా ఆవిడ రొట్టె అంది. మందుల షాపు కుర్రాడు వయసన్నాడు.
వాళ్లక్క, రాత్రిళ్లు లేచి తింటున్నావేమో అంది.
డాక్టరు కాగితం మీంచి తలెత్తకుండా
రోజూ కాస్త నడవమన్నాడు.
నడవమన్నాడు! ఆమెని!

రొట్టె మానేసింది. తర్వాత వైను. తర్వాత
ఆదివారాలు మా ఇంటికి రావడం.

జనవరి. మాకు మండుటెండల నెల.
పెలికాన్లు నీడ కోసం ఒకదాన్నొకటి తోసుకుంటుంటే
ఉన్ని స్వెట్టరు వేసుకుని వచ్చింది.
చిల్లర ఇస్తున్నప్పుడు వేళ్లు తగిలాయి,
ఐసులోంచి తీసిన చేపల్లా.
గొంతు బొంగురుపోయింది. కనుబొమ్మల చివర్లు
ఎవరో తుడిచేసినట్టు పలచబడ్డాయి.
నా పేరు కోసం కాసేపు వెతుక్కుంది.
ఎప్పుడూ ముందు పరిగెత్తే వీధికుక్క చిస్పా
రెండడుగులకోసారి ఆగి వెనక్కి చూస్తోంది.

కుక్కకి తెలిసింది.

పొట్ట కోస్తే ఏముంటుందో నాకు తెలియంది కాదు:
గుడ్లు, నీళ్లు, మింగిన ఇంకో చేప,
ఒకసారైతే గాలానికి కట్టిన సీసం గుండు.
బరువంతా కండ కాదు, కొవ్వూ కాదు.
చేప విషయంలో తెలిసింది
మనిషి దగ్గరికొచ్చేసరికి రొట్టె అయిపోయింది.

చిలోయే దీవి నుంచి కొత్తగా వచ్చిన నర్సుకి
ఏదో రిజిస్టరు ఉత్తరం ఇవ్వబోయిందట.
ఆ పిల్ల సంతకం పెడుతూ పెడుతూ ఆగి
ఏం తింటున్నావని అడగలేదు.
"చలేస్తోందా?" అంది.
అంతే, ఆ మెట్ల మీదే కూర్చుని ఏడ్చిందట మా ఎర్సీలియా.

రక్తం తీశారు. గొంతులో ఒక గ్రంథి,
సీతాకోకచిలకంత, కునుకు తీస్తోందట.
రోజూ పొద్దున్నే పరగడుపున ఒక చిన్న మాత్ర.

మొన్న శుక్రవారం వచ్చింది. కిలోలు అన్నీ పోలేదు.
స్వెట్టరు పోయింది.
ఉత్తరాల సంచి తెచ్చి నా కాటా మీద పెట్టింది.
"ఎంత?"
"పదమూడు."
"ఇది కూడా నేనే తిన్నానా?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆమె కూడా.
కొంగ్రియో తోక ముక్క అడిగింది.
కూర్చుని, ఒక్కొక్కటే ముళ్లు తీసి ఇచ్చాను.
ఎవరికీ తియ్యను.
వెనక క్యూలో వాళ్లు గొణుగుతూనే ఉన్నారు.